కారు మీద పరుపు కట్టుకొని అచ్చంపేట పోవాలె, ఎట్ల కట్టాలె?

బత్తాయితోట:
అన్నలకు నమస్తే. చెల్లె ఇల్లు మారుతుంది. నల్లగొండ నుంచి దేవరకొండ, డిండి మీదుగ అచ్చంపేటకు సామాను తీసుకపోవాలె. కారు చిన్న హ్యాచ్‌బ్యాక్, పైన రైల్స్ (క్యారియర్ బిగించే పొడుగు కడ్డీలు) లేవు. 6x5 ఫోం పరుపు, రెండు మడత కుర్చీలు, 25 కిలోల బియ్యం బస్తా, ఒక ఇనుప ట్రంకు పెట్టె. కార్ల నలుగురం ఉంటం. డోర్లు తీసి లోపల్నుంచి తాడు తిప్పి కడితే సరిపోతదంటుండ్రు. నిజమేనా? క్యారియర్ కొనాల్నా?

జడ్చర్ల చౌరస్తా:
లోపల్నుంచి తాడు తిప్పుడు వద్దు తమ్మీ. డోరు అంచు రేకు తాడును కోస్తది, వాన పడితే నీళ్లు తాడు పట్టుకొని సీట్ల మీదికి వస్తయి. పైన కర్టెన్ ఎయిర్‌బ్యాగులున్న కారైతే అవి విచ్చుకునే దారికే తాడు అడ్డం.

రైల్స్ లేని కార్లకు పైకప్పు మీద అడ్డంగ పడి, రెండు కొసల డోరు ఫ్రేమును పట్టుకునే క్లాంపు బార్లు దొరుకుతయి, నీ మోడల్‌కు సరిపోయేవే తీసుకో. క్లాంపు కింద రబ్బరు ఉండాలె, అది రేకును పట్టాలె గాని బీడింగును (డోరు చుట్టు ఉండే రబ్బరు పట్టీని) కాదు. బిగించినంక బారు పట్టుకొని గట్టిగ ఊపు. కారే ఊగాలె. బారు ఒక్కటే కదిలితే మళ్ల బిగించు.

ఎంత బరువు పెట్టొచ్చో ఓనర్ మాన్యువల్‌ల ఉంటది. చిన్న కార్లకు 50 కిలోల లోపే రాసి ఉండుడు మామూలే, అండ్ల క్యారియర్ బరువు గుడ కలిసే ఉంటది. ఇనుప బుట్ట క్యారియర్ తీసుకుంటే సగం లెక్క దానికే పోతది, నీకు రెండు బార్లు చాలు. బియ్యం, ట్రంకు డిక్కీల కింద పెట్టు, పైకి పరుపు, కుర్చీలు మాత్రమే. బరువు పైకి పోయేకొద్ది మలుపుల కారు పక్కకు వాలుతది. టైర్ల గాలి ఫుల్ లోడ్ లెక్కకు పట్టించు, డ్రైవర్ డోరు దగ్గరి స్టిక్కర్ మీద ఉంటది.

గాలిలెక్క:
పరుపు బరువు కన్నా దాని వెడల్పే అసలు ప్రమాదం. గంటకు 80 కిలోమీటర్ల వేగంలో ఎదురుగాలి ఒత్తిడి చదరపు మీటరుకు దాదాపు 30 కిలోలు, 100 దగ్గర 47. మీ పరుపు దాదాపు 2.8 చదరపు మీటర్లు. ముందు అంచు లేచి పూర్తిగా గాలికి ఎదురు నిలబడితే, 80 వేగంలోనే 80 కిలోలకు పైగా బలం దాన్ని వెనక్కి లాగుతుంది. కిటికీలోంచి చేయి పెట్టి పట్టుకుంటే ఆగుతుందనుకునేవాళ్లు ఈ లెక్క చూడాలి.

అందుకే పరుపును 6 అడుగుల వైపు సగానికి మడవండి, 3x5 అవుతుంది. మడత కారు ముందువైపుకు రావాలి, తెరిచి ఉన్న అంచులు వెనక్కి. అప్పుడు పొరల మధ్యకు గాలి దూరదు. పాలిథిన్ షీటు చుట్టి, దాని నోరు కూడా వెనకవైపే టేపుతో మూయండి. ఫోం కాబట్టి మడవొచ్చు, స్ప్రింగు పరుపును మాత్రం మడవకండి.

కట్టడానికి ఎలాస్టిక్ హుక్కు తాళ్లు పనికిరావు, సాగుతాయి. పాలిస్టర్ రాచెట్ బెల్టులు (మీట ఆడిస్తూ బిగించేవి) 4 తీసుకోండి. రెండు అడ్డంగా, రెండు నిలువుగా, అన్నీ బార్ల కిందినుంచే. సడన్ బ్రేకు వేస్తే సామాను ముందుకే జారుతుంది, దాన్ని ఆపేవి నిలువు బెల్టులే. రాచెట్ ఇరుసు మీద బెల్టు కనీసం రెండు చుట్లు పడాలి. మిగిలిన కొసను ముడేసి లోపలికి దోపండి, వదిలేస్తే గాలికి కొట్టుకుని పెయింట్ పోతుంది. బెల్టు గుయ్యిమని మోగితే బారుకు, సామానుకు మధ్య ఒక మెలిక తిప్పండి.

బత్తాయితోట:
మంచిగ చెప్పిండ్రు. కుర్చీలు పరుపు కింద పెట్టాల్నా, మీద పెట్టాల్నా? ఇంకో మాట, బావ 10 అడుగుల పీవీసీ పైపులు రెండు గుడ ఏసుకరమ్మంటుండు.

జడ్చర్ల చౌరస్తా:
కుర్చీలు కింద, బార్ల మీద పండబెట్టి వాటికి వేరే బెల్టు కట్టు. మీద పెడితే పరుపు అణిగినకొద్ది అవి వదులైతయి.

పైపులు రెండూ కలిపి మూడు చోట్ల కట్టి, రెండు బార్లకు విడివిడిగ బిగించు. నున్నగ ఉంటయి గనుక బెల్టు కింద పాత ట్యూబు ముక్క పెట్టు. ముందు కొస నుంచి ఒక తాడు టో హుక్కుకు (ఆగిన కారును లాగేటందుకు తాడు కట్టే కొక్కేనికి) కట్టాలె. ఆ హుక్కు టూల్ కిట్ల ఉంటది, ముందు బంపర్ల చిన్న మూత తీసి తిప్పి ఎక్కియ్యాలె. బంపర్‌కు, గ్రిల్లుకు కట్టకు, అవి ప్లాస్టిక్కు. పైపు కారు ముందుకు గాని వెనక్కు గాని పొడుచుకొని రావద్దు. మోటారు వాహనాల చట్టం 194(1ఎ) కింద హద్దు దాటిన లోడుకు 20,000 రూపాయల జరిమానా ఉంది, దింపిచ్చే ఖర్చు గుడ నీదే. 20 అడుగుల పైపులైతే ట్రాలీ ఆటో మాట్లాడుకో.

గాలిలెక్క:
ఊరు దాటకముందే, అంటే 5 కిలోమీటర్ల లోపే ఆపి బెల్టులు చూడండి. ఫోం అణిగి మొదటి వదులు అక్కడే వస్తుంది. మళ్లీ దేవరకొండలో, డిండిలో ఒకసారి. వేగం 60 దాటనివ్వకండి, స్పీడ్ బ్రేకర్ దగ్గర దాదాపు ఆపి ఎక్కించండి. వాన పడి షీటులోకి నీళ్లు దిగితే ఫోం పీల్చుకుని బరువు పెరుగుతుంది, అప్పుడు ఆగి షీటు సరిచేశాకే కదలండి.