అప్‌డేట్: ప్రొటీన్-ఏ కాలమ్‌కు అంటుకోని మౌస్ యాంటీబాడీ, కారణం తెలిసింది

హైబ్రిడోమా (యాంటీబాడీ తయారుచేసే సంకర కణాలు) కల్చర్ ద్రవం ఎలైసాలో (యాంటీబాడీని గుర్తించే పరీక్షలో) బలమైన సిగ్నల్ ఇస్తున్నా, యాంటీబాడీని పట్టి శుద్ధిచేసే ప్రొటీన్-ఏ కాలమ్ ఎల్యూషన్‌లో, అంటే పట్టుకున్నదాన్ని విడిపించే దశలో, దాదాపు ఏమీ రావడం లేదు, ఎందుకని ఇక్కడ అడిగాను. సమాధానమిచ్చిన వారందరికీ, ముఖ్యంగా ముందు ఐసోటైప్ (యాంటీబాడీ ఉపరకం) చూడమన్నవారికి కృతజ్ఞతలు.

ఐసోటైపింగ్ స్ట్రిప్ మీద మా క్లోన్ యాంటీబాడీ ఐజీజీ1 రకం, దాని తేలిక గొలుసు కప్పా అని తేలింది. మౌస్ ఐజీజీ2ఏ, ఐజీజీ2బీ ప్రొటీన్-ఏకు బాగా అంటుకుంటాయి గానీ, ఐజీజీ1 మామూలు పీబీఎస్‌ (ఫాస్ఫేట్-ఉప్పు బఫర్)లో, అంటే పీహెచ్ 7.4 దగ్గర, బలహీనంగానే పట్టుకుంటుంది కనుక మా యాంటీబాడీ అంతా ఫ్లో-త్రూలోకి, అంటే కాలమ్‌కు అంటకుండా బయటికొచ్చే ద్రవంలోకి, జారిపోతోంది. అదృష్టవశాత్తు దాన్ని పారబోయలేదు. అదే ద్రవంలో సోడియం క్లోరైడ్‌ను 3 మోలార్‌కు పెంచి, గ్లైసిన్ బఫర్‌తో పీహెచ్ 8.9కి తెచ్చి, అదే కాలమ్‌కు మళ్లీ ఎక్కించగా ఈసారి నిలిచింది. విడిపించడానికి పీహెచ్ 6 సిట్రేట్ సరిపోయింది. యాంటీబాడీ గొలుసులను విడదీసి చూసే రెడ్యూసింగ్ జెల్‌లో 50, 25 కిలోడాల్టన్ల దగ్గర భార, తేలిక గొలుసుల బ్యాండ్లు రెండూ స్పష్టంగా ఉన్నాయి.

ప్రొటీన్-ఏకు బదులు ప్రొటీన్-జీ కాలమ్ వాడమన్న సలహా సరైనదే. అయితే అది బొవైన్ (ఆవు) ఐజీజీని కూడా గట్టిగా పట్టుకుంటుంది, మా మీడియంలో 10 శాతం ఫీటల్ బొవైన్ సీరం ఉంది. కాబట్టి సీరం లేని మీడియంకు మారాకే ఆ ప్రయత్నం చేస్తాము.

కాలమ్ పాతబడిందన్న అనుమానం నిలవలేదు, ఎందుకంటే కుందేలు ఐజీజీ దానిమీద చక్కగా నిలిచింది. యాంటీబాడీ మొదట కాలమ్‌కే అంటుకోలేదు కనుక, ఆమ్ల ఎల్యూషన్‌లో అది చెడిపోతోందన్న ఊహకూ ఇక్కడ సంబంధం లేదు.