డంప్‌స్టర్ అన్నది ఇంటిపేరేనా? డెంప్‌స్టర్ బ్రదర్స్ చెత్త బండ్ల సంగతి తెలిసినవాళ్లు చెప్పండి

పాతఇనుము:
అమెరికాలో వీధి చెత్త డబ్బాని డంప్‌స్టర్ అంటారు కదా, డంప్ చేస్తారు కాబట్టి ఆ పేరనుకున్నా. కాదట, టెనెసీ రాష్ట్రం నాక్స్‌విల్‌లో డెంప్‌స్టర్ బ్రదర్స్ అని చెత్త బండ్ల కంపెనీ ఉండేదట, వాళ్ల ఇంటిపేరట. నిజమేనా? చెత్తని లోపల నొక్కే బండి కూడా వాళ్లే మొదట చేశారా? మన మునిసిపాలిటీల డంపర్ ప్లేసర్‌కీ (వీధి డబ్బాని ఎత్తుకుపోయే లారీ) దానికీ ఏమైనా చుట్టరికం ఉందా? పొగడ్తలు వద్దు, బండి ఎలా పనిచేసేదో చెప్పండి చాలు.

గేర్‌పంపు:
ఇంటిపేరూ అవును, డంపూ అవును. రెండూ కలిపి కట్టిన మాట. పేటెంటు 1935ది, 1936 నుంచి ఆ పేరుతో అమ్మారు. సరుకు పూర్తి పేరు "డెంప్‌స్టర్ డంప్‌స్టర్". జనం నోట్లో ముందు ముక్క రాలిపోయింది, వెనక ముక్క ఎవరు చేసిన డబ్బాకైనా పేరైపోయింది. మనం ఏ కంపెనీ వనస్పతినైనా డాల్డా అన్నట్టే.

జార్జ్ డెంప్‌స్టర్ 1887లో నాక్స్‌విల్‌లో పుట్టాడు. పనామా కాలువ తవ్వకంలో స్టీమ్ షవల్ (ఆవిరితో తవ్వే యంత్రం) మీద పనిచేశాడు. తర్వాత అన్నదమ్ములతో కలిసి రైలు మార్గాలు, ఆనకట్టల కాంట్రాక్టులు చేశాడు. ఊరికి సిటీ మేనేజరుగానూ ఉన్నాడు, 1952 నుంచి 1955 దాకా మేయరు. 1964లో పోయాడు.

అంటే చెత్త వాళ్ల మొదటి వ్యాపారం కాదు. ఈ ముక్క గుర్తుంటే మిషను ఇట్టే అర్థమవుతుంది. కాంట్రాక్టరుకి నిలబడ్డ లారీ అంటే నష్టం. కూలీలు నింపుతున్నంతసేపూ ఇంజనూ డ్రైవరూ ఖాళీ. అదే నింపే తొట్టిని లారీ నుంచి విడదీసి నేల మీద వదిలేస్తే? అది తీరిగ్గా నిండుతుంది, ఈలోగా లారీ ఇంకో తొట్టి దగ్గర ఉంటుంది. వాళ్ల అసలు కనుగోలు బండి కాదు, డబ్బా.

పని వరస ఇది. డ్రైవరు రివర్సులో డబ్బా దగ్గరికి వస్తాడు. లారీ వెనకనున్న రెండు ఇనప చేతుల నుంచి వేలాడే గొలుసుల్ని డబ్బా పక్కల ఉన్న పిన్నులకు తగిలిస్తాడు. పి.టి.ఓ. (ఇంజన్ శక్తిని హైడ్రాలిక్ పంపుకి అందించే గేరు) వేసి లీవర్ లాగితే హైడ్రాలిక్ సిలిండర్లు చేతుల్ని పైకి తిప్పుతాయి, డబ్బా లేచి ఛాసిస్ మీద కూర్చుంటుంది. యార్డులో దింపడానికి రెండు రకాలు. అడుగు తలుపు డబ్బా అయితే గొళ్లెం విప్పగానే కింద తెరుచుకుని రాలిపోతుంది. వంపు డబ్బా అయితే దాని అడుగు అంచుని ఛాసిస్ కొక్కేనికి తగిలించి చేతులు ఎత్తుతారు. ఒక అంచు కదలదు, మిగతాది లేస్తుంది, డబ్బా తిరగబడుతుంది. మొత్తానికి డ్రైవరు ఒక్కడే చాలు.

అడుగు తలుపు రకంతో తలనొప్పి గొళ్లెమే. చెత్తనీళ్లు దిగి తుప్పు పడుతుంది, విప్పాల్సినచోట విప్పుకోదు, దారిలో విప్పుకుంటుంది.

బాడీషెడ్డు:
@పాతఇనుము, నొక్కడం మాత్రం డెంప్‌స్టర్ ఖాతాలో వేయకండి. అది గార్ వుడ్‌ది. 1938లో వచ్చిన లోడ్ ప్యాకర్. టిప్పర్ హాయిస్టులతో (లారీ తొట్టిని ఎత్తి ఒంపే యంత్రాలు) పైకొచ్చిన గార్ఫీల్డ్ వుడ్ కంపెనీ, మిషిగన్‌లో. (స్పీడ్ బోట్ల పందేల గార్ వుడ్ ఈయనే.)

అప్పటిదాకా మనిషి చెత్తని తలెత్తు గోడ దాటించి విసరాలి, పైన ఇంకొకడు తొక్కాలి. లోడ్ ప్యాకర్‌లో వెనక నడుమెత్తులో తొట్టి. అందులో పడేస్తే హైడ్రాలిక్ బ్లేడు ఊడ్చుకుంటూ పైకెత్తి బాడీలోకి తోస్తుంది, ముందున్న చెత్త మీద ఒత్తుతుంది. అంత బాడీలోనే రెట్టింపు దాకా పట్టేది. ఈనాటి వెనక లోడర్ కాంపాక్టర్ దాని మనవడే.

డెంప్‌స్టర్ పద్ధతికున్న లోటు ఇక్కడే కనిపిస్తుంది. ఒక ట్రిప్పుకి ఒకే డబ్బా. అట్టపెట్టెలతో సగం నిండిన డబ్బా కోసం కూడా లారీ యార్డుదాకా పోయి రావాలి. 1950లలో వాళ్లే తెచ్చిన డెంప్‌స్టర్ డంప్‌మాస్టర్ దీనికి జవాబు. నిలదొక్కుకున్న మొదటి ముందు లోడర్ అదే. బండి ముందు రెండు ఫోర్కులు డబ్బా పక్కల ఉన్న జేబుల్లోకి దూరతాయి, చేతులు క్యాబిన్ మీదుగా డబ్బాని ఎత్తి పైనున్న నోట్లో బోర్లిస్తాయి, ఖాళీ డబ్బా మళ్లీ నేల మీదికి. అంటే డబ్బా ఉండిపోతుంది, చెత్త మాత్రం పోతుంది. డ్రైవరు సీటు దిగక్కర్లేదు. డంప్‌స్టర్ అన్న మాట దేశమంతా పాకింది ఈ బండితోనే.

ముందు లోడర్లలో చెడేవి మూడు. చేతులు పైకెత్తి మర్చిపోయి నడపడం: వంతెనలకీ తీగలకీ తగులుతుంది, అందుకే చేతులు లేచి ఉంటే క్యాబిన్‌లో బజర్ మోగేలా పెడతారు. బాడీలో చెత్తని నొక్కే బ్లేడు కింద అరిగే షూలు (బ్లేడు జారే ఇనప పలకలు): ఇవి అరిగితే ఇనుము ఇనుమును కోస్తుంది, బాడీ నేల పల్చబడుతుంది. మూడోది అందరూ వదిలేసేది, బ్లేడు వెనక పేరుకునే చెత్త. బ్లేడు మీదుగా కొంచెం కొంచెం వెనక్కి జారి గట్టిపడుతుంది, ఒకరోజు బ్లేడు పూర్తిగా వెనక్కి రాదు, సిలిండర్ రాడ్ వంగుతుంది. రోజూ గీకి తీయాలి. లోపలికి దిగేముందు ఇంజన్ ఆపి, పి.టి.ఓ. తీసేసి, తాళం దిగేవాడి జేబులో ఉండాలి. ఇంకొకడి జేబులో కాదు.

పాతఇనుము:
ఇద్దరికీ థాంక్స్. మరి ముందు లోడర్ అంత బాగుంటే మన దగ్గర ఎందుకు కనపడదు?

గేర్‌పంపు:
తీగలకి తగులుతుంది, సందుల్లో పట్టదు అంటారు, అది సగం జవాబే. మిగతా సగం బరువు. అక్కడ ముందు లోడర్ డబ్బాలు 2 నుంచి 8 ఘనగజాలు. 8 అంటే 6.1 ఘనమీటర్లు. అట్టపెట్టెలు, ప్లాస్టిక్ లాంటి పొడి చెత్త ఘనమీటరుకి 100 కిలోల చొప్పున చూస్తే డబ్బాలో 600 కిలోలు. మన చెత్తలో అన్నం, తొక్కలు, మట్టి, తడి. ఘనమీటరుకి 450 వేసుకోండి. అదే డబ్బా 2,750 కిలోలవుతుంది. దాన్ని ముందు ఇరుసు మీద నుంచి క్యాబిన్ పైకి ఎత్తాలి!

నొక్కడం లాభమూ అంతంతే. పొడి అట్టలు మూడు నాలుగు రెట్లు కుంచించుకుపోతాయి, మన చెత్త ఒకటిన్నర రెట్లు నొక్కితే గొప్ప. తర్వాత బయటికొచ్చేది నీళ్లే. అందుకే ఇక్కడ కాంపాక్టర్ కొనేటప్పుడు ఎన్ని రెట్లు నొక్కుతుందని కాదు, వెనక తలుపు రబ్బరు సీలు, కింద చెత్తనీళ్ల ట్యాంకు ఎలా ఉన్నాయో చూడాలి.

డంపర్ ప్లేసర్‌ది మాత్రం డెంప్‌స్టర్ తొలి బండి సూత్రమే: గొలుసులు, చేతులు, వంపు కొక్కెం. మన దగ్గర ఎక్కువగా 4.5 ఘనమీటర్ల డబ్బాలు, పై లెక్కన చెత్తే రెండు టన్నులు. ఎత్తే ముందు వెనక జాకీలు నేలకి ఆనాలి. మరిస్తే డబ్బా లేచేటప్పుడు ముందు చక్రాలు గాల్లోకి లేస్తాయి, స్టీరింగు ఉండదు. హైదరాబాదులో 2015 నవంబరులో స్వచ్ఛ ఆటోలు వచ్చి ఇంటింటి సేకరణ మొదలయ్యాక వీధి డబ్బాలతోపాటు వీటి పనీ తగ్గుతూ వచ్చింది.

తూనికరాయి:
డబ్బా గురించి ఒక ముక్క. వాలు గోడల చెత్త డబ్బాలు పిల్లలు అంచు పట్టుకుని వేలాడితే తిరగబడి మీద పడేవి, ప్రాణాలు పోయాయి. అందుకే ఒక ఘనగజం, అంతకు మించిన డబ్బా అడ్డంగా 70 పౌండ్ల తోపుకో, అంచు మీద నిలువుగా 191 పౌండ్ల బరువుకో తిరగబడితే అమెరికాలో దాన్ని నిషేధించారు. 1978 జూన్ నుంచి అమలు. కిలోల్లో సుమారు 32, 87. మన వీధుల్లో చక్రాల డబ్బా పెట్టేవాళ్లూ ఒక స్ప్రింగు త్రాసు తగిలించి లాగి చూడొచ్చు, ఐదు నిమిషాల పని.

పాతఇనుము:
చివరగా ఒకటి. డంపర్ ప్లేసర్ ఎత్తేటప్పుడు డబ్బా ఒక మూలకి వాలుతోంది అంటే సిలిండర్ పోయినట్టేనా?

బాడీషెడ్డు:
ముందు గొలుసులు చూడండి. నాలుగూ విప్పి నేల మీద పక్కపక్కన పరిచి కొలవండి. ఒకటి సాగి ఉంటే డబ్బా ఆ మూలకే దిగుతుంది. లింకు ఒకదానికొకటి రాసుకునేచోట మందం పదో వంతు తగ్గితే పారేయాలి. 13 మి.మీ. లింకు 11.7కి వచ్చిందంటే దాని పని అయిపోయింది. మార్చేటప్పుడు నాలుగూ ఒకేసారి మార్చండి. ఒక్కటే కొత్తది వేస్తే అది పొట్టిగా ఉండి బరువంతా దాని మీదే పడుతుంది. గొలుసులు సమంగా ఉండి కూడా వాలితే, డబ్బా ఎత్తి ఇంజన్ ఆపి పది నిమిషాలు చూడండి. కింద ఎవర్నీ నిలబడనివ్వకండి. చేయి దానంతట అదే దిగుతుంటే అప్పుడు సిలిండర్ సీలో, వాల్వో.