అటక మీద దొరికిన మూడు గాడుల కొయ్య పరికరం: దేనికి వాడేవారో ఎవరైనా చెప్పగలరా?

పెంకుటిల్లు:
అమలాపురం దగ్గర మా అమ్మమ్మగారి ఊళ్ళో పాత పెంకుటిల్లు విప్పిస్తున్నామండి. దూలాలు దించే ముందు అటక మీద సామానంతా కిందికి దించితే కుంచాలు, తవ్వలు, కొబ్బరికాయలు వలిచే గునపం, ఒక కావిడిబద్ద, వాటి అడుగున ఈ చెక్క వస్తువు దొరికాయి. మిగతావి ఏమిటో అందరికీ తెలుసు కానీ దీని సంగతి మాత్రం ఇంట్లో ఎవరూ చెప్పలేకపోతున్నారు. పెద్దవాళ్ళలో మిగిలింది మా పెద్దమ్మ ఒక్కరే, ఆవిడ కూడా దీన్ని చూసిన గుర్తు లేదంటున్నారు.

జానెడు పొడవు, అరటిపువ్వు ఆకారం. ఒక కొస పిడికిలంత లావు, రెండో కొసకి వచ్చేసరికి సన్నబడిపోతుంది. లావు కొస నుంచి సన్న కొస దాకా నిలువునా మూడు గాడులు, మూడూ సమాన దూరంలో. చిటికెన వేలు సరిగ్గా పడుతుంది. గాడుల లోపల వేలు పెడితే నున్నగా జారుతోంది, బయట మాత్రం బాడిశ దెబ్బలు ఇంకా తెలుస్తున్నాయి. లావు వైపు అడ్డంగా ఒక కన్నం, గాడులకి తగలకుండా. అందులో దూర్చిన కర్ర రెండు పక్కలా బయటికి ఉంది. కర్రకి ఒక పక్క మూరెడు తాడు ముక్క కట్టి ఉంది. చెక్క నల్లతుమ్మ అని మా వడ్రంగి అన్నాడు. ఆయన దీన్ని చిత్రిక పట్టి వార్నిష్ వేసి ఇస్తానంటున్నాడు, షోకేసులో పెట్టుకోవచ్చని. ఈలోగా అసలు ఏమిటో తెలిస్తే బాగుంటుందని ఫొటోలు పెడుతున్నా.

కౌశిక ఒడ్డు:
పెద్ద కవ్వం తల అయ్యుంటుంది. మా నాయనమ్మ కుండలో పెరుగు చిలికే కవ్వానికి ఇలాగే గాడులుండేవి.

కాలవగట్టు:
కవ్వానికి కర్ర తల మధ్యలోంచి నిలువుగా పైకి పోవాలి కదండీ, తాడు చుట్టి అటూ ఇటూ లాగేది ఆ కర్రనే. దీనికి కర్ర అడ్డంగా ఉంది, ఇంక చిలికేదెలా? ఏదైనా మగ్గం సామానేమో, అమలాపురం పక్కనే బండారులంక ఉంది, అక్కడ నేతవాళ్ళకి ఒకసారి చూపించండి.

పడుగూ పేకా:
మాది నేత ఇల్లే. నాడె, కండె, అచ్చు, పలక వీటిలో దేనికీ ఈ పోలిక లేదు. నూలు పోగు నడవడానికి చిటికెన వేలు పట్టేంత గాడి ఎందుకు? లోపల అరిగిన తీరు చూస్తే అందులో నడిచింది తాడే అనిపిస్తోంది. తాళ్ళు పేనే వాళ్ళెవరైనా ఉంటే చెప్పాలి.

పీచుతాడు:
ఉన్నాం అండి. ఫొటో చూడగానే ఒళ్ళు పులకరించింది, ఇలాంటిది ఒకటి మా తాతగారి చేతిలో చూశాను. అంబాజీపేట దగ్గర మా వీధిలో కొబ్బరి పీచు తాళ్ళు పేనేవారు, 1996 నవంబరు తుఫానుకి తోటలు పడిపోయాక ఆ పని మా ఇంట్లో ఆగిపోయింది. ఇది ముప్పేట తాడు పేనేటప్పుడు పేటల మధ్య పెట్టే దిమ్మ.

పని ఎలా నడిచేదో చెబుతాను, అప్పుడు మీకే తెలుస్తుంది. పీచుకి పురి పెట్టి ముందు పోగులు చేస్తారు, పోగులు కొన్ని కలిపితే ఒక పేట. మూడు పేటల్నీ ఒక చివర మూడు కొక్కేలకి విడివిడిగా తగిలిస్తారు, రెండో చివర మూడింటినీ కలిపి ఒకే కొక్కేనికి. ఇప్పుడు మూడు కొక్కేలూ తిప్పుతుంటే ఒక్కో పేటకీ పురి ఎక్కుతుంది, ఎక్కినకొద్దీ ఆ మూడూ ఒకదాన్నొకటి చుట్టుకోవాలని చూస్తాయి. వాటి ఇష్టానికి వదిలేస్తే ఒకచోట వదులుగా, ఒకచోట ముడి పడినట్టు వస్తుంది, ఆ తాడు బరువుకి ఆగదు. అందుకని పేటల్ని ఈ మూడు గాడుల్లో కూర్చోబెట్టి, సన్న కొస ఒంటి కొక్కెం వైపు ఉండేలా ఒక మనిషి అడ్డకర్ర పట్టుకుని నిలబడతాడు. లావు కొస దగ్గర మూడు పేటలు వేరువేరుగా లోపలికి వస్తాయి, సన్న కొస దాటగానే మూడూ కలిసిపోయి తాడవుతుంది. అయిన తాడే దిమ్మని వెనక నుంచి నెడుతూ ఉంటుంది, ఆ మనిషి దాన్ని తిరగనివ్వకుండా మూడు కొక్కేల వైపు నెమ్మదిగా నడుస్తాడు. పేటల పురి ఒకవైపు, తాడు పురి దానికి ఎదురు. ఒకటి విప్పుకోబోతే రెండోది బిగుస్తుంది, తాడు తనంతట తాను విడిపోకుండా ఉండేది అందుకే.

నేర్పంతా ఆ నడకలోనే ఉంది. దిమ్మని త్వరగా పోనిస్తే మెత్తని తాడు, ఆపి ఆపి పోనిస్తే గట్టి తాడు. కర్రకున్న తాడు ముక్క కూడా దానికే, దాన్ని వెనకాల తయారైన తాడుకి చుట్టి పట్టుకుంటే దిమ్మ పరిగెత్తకుండా ఆపుతుంది. దయచేసి ఆ ముక్క తీసి పారేయకండి. ఇంకోటి, పురి ఎక్కుతుంటే పొడవు తగ్గిపోతుంది, పరిచిన పేటల పొడవులో సుమారు మూడో వంతు పురే తినేస్తుంది. అందుకని ఒంటి కొక్కేన్ని బరువు పెట్టిన పీటకి బిగించేవారు, తాడు కురచవుతుంటే పీట ముందుకి జరిగేది.

అనుమానం ఉంటే సన్న కొస దగ్గర గాడులు ఏటవాలుగా అరిగాయేమో చూడండి. పేటలు మెలిక తిరిగేది అక్కడే.

ఇంగ్లండులో గోదారోడు:
పీచుతాడు గారు చెప్పింది నూటికి నూరుపాళ్ళు నిజం. ఇక్కడ కెంట్‌లో చాతమ్ అని పాత నౌకా నిర్మాణ కేంద్రం ఉంది, 18వ శతాబ్దం చివర్లో కట్టిన 346 మీటర్ల పొడవు తాళ్ళ షెడ్డులో ఇప్పటికీ పాత పద్ధతిలో తాళ్ళు పేనుతున్నారు. అక్కడా ఇదే ఆకారం, ఇవే మూడు గాడులు. నాలుగు పేటల తాడుకైతే గాడులు నాలుగుంటాయి, నడిమి పోగు పోవడానికి దిమ్మ మధ్యలో నిలువునా ఒక కన్నం కూడా ఉంటుంది. మీదాంట్లో నిలువు కన్నం లేదు కాబట్టి ముప్పేటే.

కాలవగట్టు:
పెంకుటిల్లు గారూ, మీ వాళ్ళకి పడవలుండేవేమో కనుక్కోండి. పేటే చిటికెన వేలంత అంటే మూడూ కలిసిన మోకు బొటనవేలికన్నా బాగా లావు అవుతుంది. పలుపుకీ చేంతాడుకీ అంత లావు అక్కర్లేదు, అవి ఇంట్లో చేత్తోనే పేనుకునేవారు. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక డెల్టా కాలవలు నీటికే కాదు రవాణాకి కూడా దారులయ్యాయి, ధాన్యం, కొబ్బరి, కలప అన్నీ లాకులు దాటుకుంటూ పడవల మీదే పోయేవి. గాలి ఉంటే తెరచాప, లేకపోతే మనుషులు గట్టున నడుస్తూ భుజాన తాడేసుకుని లాగడమే. కట్టేయడానికి, లాగడానికి, లంగరుకి తాడు లేకుండా పడవకి పూట గడవదు. కొబ్బరి పీచు తాడు నీళ్ళలో తేలుతుంది, ఉప్పునీటికి త్వరగా చివకదు, అందుకే మొగల దగ్గర, అంటే గోదారి సముద్రంలో కలిసే చోట తిరిగే పడవలకి అదే వాడేవారు.

పెంకుటిల్లు:
అందరికీ చాలా చాలా థాంక్సండి. సన్న కొస చూశాను, మూడు గాడులూ ఒకే వైపుకి ఏటవాలుగా అరిగి ఉన్నాయి. భూతద్దం పెట్టి చూస్తే ఒక గాడి అడుగున గోధుమ రంగు పీచు నలుసు ఇరుక్కుని ఉంది! పెద్దమ్మని పడవ గురించి అడిగితే వెంటనే చెప్పారు, వాళ్ళ తాతగారికి ధాన్యం పడవ ఉండేదట, కాకినాడ దాకా వెళ్ళేదట. ఇన్నాళ్ళూ ఆ మాట ఎవరూ అడగలేదు, ఆవిడా చెప్పలేదు.

వడ్రంగికి వద్దని చెప్పేశా. మా ఊళ్ళో పిల్లలకి తాడు ఎలా పేనుతారో చేసి చూపించాలని ఉంది, దీన్నే వాడొచ్చా?

పీచుతాడు:
దీన్ని వాడొద్దు బాబూ. నీళ్ళతో కడగొద్దు, ఆ నలుసు కూడా తీయొద్దు, మెత్తటి బ్రష్‌తో దుమ్ము దులిపి ఎండ తగలని చోట పెట్టండి చాలు. చిత్రిక పడితే ఆ అరుగుదల పోతుంది, అది పోతే ఇది దేనికి వాడారో చెప్పే ఆధారమే ఉండదు.

మీ వడ్రంగి మంచివాడిలా ఉన్నాడు, ఇదే కొలతకి తుమ్మ చెక్కతో కొత్తది చెక్కించండి. గాడులు మాత్రం లోపల బాగా నున్నగా రావాలి, పొడుచుకొచ్చినట్టుంటే పేట తెగుతుంది. గాడుల్లో కాస్త కొబ్బరినూనె రాయండి. పీచు అంబాజీపేటలో దొరుకుతుంది, మొదట్లో మరీ లావు పేటలు వద్దు, పెన్సిలంత చాలు. తిప్పడానికి ముగ్గురు, పీట దగ్గర ఒకరు, దిమ్మ పట్టుకోవడానికి నేను వస్తాను.