బ్రిటన్‌లో కుటుంబాల పన్ను గురించి ఎంపీకి ఉత్తరం: ఎలా రాయాలో చెప్తారా?

అందరికీ వందనాలు. మేం లండన్‌లో ఉంటాం. ఒక్కరి జీతంతో నడిచే కుటుంబాల పన్ను గురించి మా తెలుగు క్రైస్తవ సంఘంలో కొందరం కలిసి ఎంపీకి ఉత్తరం రాయాలనుకుంటున్నాం.

ఇక్కడ పన్ను ఇంటిని చూడదు, మనిషినే చూస్తుంది. భార్యాభర్తలు చెరో 60 వేల పౌండ్లు సంపాదిస్తే చైల్డ్ బెనిఫిట్ (పిల్లల పెంపకానికి ప్రభుత్వం ఇచ్చే డబ్బు) మొత్తం ఉంటుంది. ఒక్కరే 80 వేలు తెస్తూ, ఇంకొకరు పిల్లల్ని చూసుకుంటే అదంతా పన్ను కింద వెనక్కి పోతుంది. ఇది చాలా అన్యాయం. 2015లో వచ్చిన మ్యారేజ్ అలవెన్స్ అనే భార్యాభర్తల పన్ను రాయితీతో మిగిలేది ఏడాదికి గరిష్ఠంగా 252 పౌండ్లే. కేర్ అనే క్రైస్తవ సంస్థ దీనిపై ఏళ్లుగా మాట్లాడుతోంది.

ఇలాంటి ఉత్తరం రాసినవాళ్లు ఎవరైనా ఉన్నారా? అందులో బైబిల్ వాక్యం ఎత్తి చూపొచ్చా, లెక్కలు మాత్రమే పెట్టాలా? మా సంఘంలో భర్త పోయినవాళ్లు, ఒంటరిగా పిల్లల్ని పెంచుతున్న అక్కలు ఉన్నారు. వివాహానికి అండ అడుగుతూనే వాళ్ల మనసు నొచ్చకుండా ఎలా రాయాలి? నాకు అన్నిటికన్నా ఇదే టెన్షన్.

సంఘం చారిటీగా రిజిస్టరై ఉంది. పార్టీల జోలికి వెళ్లకూడదని తెలుసు. మరి సంఘం లెటర్‌హెడ్ మీద పంపొచ్చా, మా సొంత పేర్లతోనే పంపాలా?