ఉగాది 2026 వాలంటీర్లు: వాట్సాప్ లిస్టు వదిలేసి షీట్‌లోకి వద్దాం

రిజిస్ట్రేషన్:
అందరికీ నమస్కారం, రిజిస్ట్రేషన్ చూసేది నేనే. ఉగాది మార్చి 19, గురువారం పడింది. ఇక్కడ యూకేలో సెలవు ఉండదు కాబట్టి ఎప్పట్లాగే ఆ శనివారం, 21న, మిల్టన్ కీన్స్‌లోనే చేసుకుంటున్నాం. ఈసారి పేర్లు వాట్సాప్‌లో కాపీ పేస్ట్ చేసుకుంటూ పోవద్దు. పోయినసారి ఇద్దరు ఒకేసారి పేర్లు కలిపితే ఒకరి పేరు ఎగిరిపోయింది. పాపం వాళ్లు గుమ్మం దగ్గర నిలబడిపోయారు.

గూగుల్ షీట్ ఒకటి తెరిచాను, అంటే అందరం ఆన్‌లైన్‌లో కలిసి నింపే గళ్ల పట్టిక. మెయిల్ ఐడీ ఇచ్చినవాళ్లకే ఎడిట్ ఉంది. అందులో ఫోన్ నంబర్లున్నాయి, లింకు ఎవరికీ ఫార్వర్డ్ చేయకండి. ఒక్కో కుటుంబానికి ఒక్కో వరస. పేరు, ఫోను, పెద్దలు, పిల్లలు, అలర్జీ, ఇచ్చిన డబ్బు. అంతే.

వంటలు:
నాకు ఇవన్నీ రావమ్మా. నా నోట్‌బుక్ నాకు చాలు. చివర్లో ఎంతమందో చెప్పు, పప్పు నానేస్తాను.

రిజిస్ట్రేషన్:
ఆంటీ, మీరు నోట్‌బుక్‌లో గీతలు కొట్టుకుంటారు కదా, ఇదీ అదే. అడ్డం వరసకి నంబరు, నిలువు కాలమ్‌కి ఇంగ్లీషు అక్షరం. రెండూ కలిసిన గడి పేరు సెల్. సి కాలమ్‌లో రెండో వరస అంటే సి2. పై వరసలో ఉన్న కాలమ్ పేర్లు, ఎంత కిందికి జరిపినా కనబడేలా ఫ్రీజ్ చేశాను. మొత్తం కావాలంటే పక్కన ఖాళీ సెల్‌లో ఈక్వల్ టు కొట్టి, ఇంగ్లీషులో సమ్ అని రాసి, బ్రాకెట్లో సి2 కోలన్ సి100. సి2 నుంచి సి100 దాకా కూడమని అర్థం. కొత్త కుటుంబం చేరితే మొత్తం అదే మారుతుంది, మళ్లీ కూడే పని లేదు.

స్టేజి:
అక్కా, పెద్దలే 46 వేల పైన ఉన్నారంటోంది. మనం హాలు 250 మందికే కదా తీసుకుంది?

రిజిస్ట్రేషన్:
చూశాను తమ్ముడూ. ఎవరో ఇద్దరు పెద్దలు, ఒక పాప అని 2/1 కొట్టారు. షీట్ దాన్ని జనవరి 2 అనుకుంది. తేదీని కూడా లోపల అంకెగానే దాచుకుంటుంది, సుమారుగా 1900 మొదటి నుంచి రోజులు లెక్కేసుకుంటూ. ఈ ఏడాది జనవరి 2 దాని లెక్కలో 46,024. మనుషుల్లో కలిపేసింది.

ఇదే నయం, వెంటనే కళ్లబడింది. నాకు టెన్షన్ అంతా ఇద్దరు పెద్దలు, ఇద్దరు పిల్లలని 2+2 కొట్టేవాళ్లతోనే. ముందు ఈక్వల్ టు లేకపోతే షీట్ దాన్ని కూడదు, మాట కింద తీసుకుంటుంది. మొత్తం వేసేటప్పుడు ఆ సెల్‌ని దాటేసి పోతుంది, చెప్పను కూడా చెప్పదు. దీపావళికి నేను మునిగింది ఇక్కడే. వాట్సాప్ లిస్టుని నా షీట్‌లో పెట్టుకుంటే 148 అంది. ఆరు కుటుంబాలు 2+2 అని రాసి ఉన్నాయి, వచ్చింది 172 మంది. మనిషికి రెండు గులాబ్ జామూన్లు లెక్కన 48 తక్కువ పడ్డాయి. వడ్డించినవాళ్లం ఖాళీ గిన్నె చూసుకుని ఇంటికొచ్చాం.

కాబట్టి పెద్దలకి ఒక సెల్, పిల్లలకి ఒక సెల్, అందులో అంకె తప్ప ఇంకేం వద్దు. “4 మంది” అన్నా అది మాటే. ఒక గుర్తు చెప్తాను: అంకె అయితే సెల్‌లో కుడివైపుకి, మాట అయితే ఎడమవైపుకి చేరుతుంది. కొట్టగానే ఎటు పోయిందో చూడండి చాలు.

ట్రెజరర్:
ఫోన్ నంబర్లలో ముందు సున్నా పోతోందండీ. 07 కొడితే 7 మిగులుతోంది. డబ్బు కాలమ్‌లో “ఇచ్చేశాం” అని ఇద్దరు రాశారు. ఎంత ఇచ్చారు బాబూ?

రిజిస్ట్రేషన్:
ఫోన్ కాలమ్ మొత్తాన్ని ఫార్మాట్‌లోకి వెళ్లి ప్లెయిన్ టెక్స్ట్ చేశాను, అంటే అంకె కొట్టినా మాట కిందే ఉంచుతుంది. ఇకమీద సున్నా ఉంటుంది. పోయినవి మాత్రం మళ్లీ కొట్టుకోవాలి. డబ్బు సంగతి మీరే వసూలు చేసుకోండి.

స్టేజి:
స్టేజి ఐటమ్స్‌కి అదే షీట్‌లో ఇంకో ట్యాబ్, అంటే ఇంకో పేజీ పెట్టాను. పాట నాలుగున్నర నిమిషాలని 4:30 కొడితే తెల్లవారుజామున నాలుగున్నర అనుకుంటోంది. అందుకని 5 అని నిమిషాలే వేస్తున్నాను. మన పిల్లలు స్టేజి ఎక్కి దిగడానికి ఆ అర నిమిషం చాలదనుకోండి.

ఇంకో మాట, తిట్టకండి. రాత్రి పేర్లు వరసలో పెడదామని పేర్ల కాలమ్ ఒక్కటే సెలెక్ట్ చేసి సార్ట్ కొట్టాను. పేర్లు కదిలాయి, ఫోన్లు, డబ్బు అక్కడే ఉన్నాయి. ఎవరి డబ్బు ఎవరి పేరు మీద ఉందో...

ట్రెజరర్:
నా గుండె ఆగింది.

రిజిస్ట్రేషన్:
ఫైల్ మెనూలో పాత కాపీలు ఉండే వర్షన్ హిస్టరీ నుంచి నిన్న సాయంత్రానిది వెనక్కి తెచ్చాను. తర్వాత చేరిన రెండు కుటుంబాల్ని మళ్లీ ఎక్కించాను. సార్ట్ చేయాలంటే టేబుల్ మొత్తం సెలెక్ట్ చేయాలి తమ్ముడూ.

అలర్జీ కాలమ్ ఖాళీగా వదలొద్దు, లేకపోతే “లేదు” అని రాయండి. ఈ దేశంలో ఆహారం అమ్మేవాళ్లు చెప్పి తీరాల్సిన 14 అలర్జీ పదార్థాల్లో పల్లీలు, ఆవాలు రెండూ ఉన్నాయి. మన పులిహోరలో ఆ రెండూ ఉంటాయి. మనం అమ్మకపోయినా తినేది పిల్లలు.

వంటలు:
మా మనవరాలు పక్కన కూర్చుంది, సామాన్ల ట్యాబ్‌లో నేనే ఎక్కిస్తున్నాను. బెల్లం 3 కిలోలు అని కొడితే ఎడమకి పోయింది. కిలోలు పక్క గడిలో రాసి 3 ఒక్కటే ఉంచాను, కుడికి వచ్చింది. మరి వేపపువ్వు ఎంతని రాయను? మా చెల్లెలు ఒంగోలు నుంచి ఎండబెట్టి పంపింది, చిన్న హార్లిక్స్ సీసాడు.

రిజిస్ట్రేషన్:
1 అని వేసి, పక్క గడిలో సీసా అని రాయండి ఆంటీ.