బాయిలర్ మార్చడానికి ఇచ్చిన కొటేషన్ న్యాయమైనదో కాదో ఎలా తేల్చుకోవాలి?

చలిగది:
మా ఇంటి గదులను వేడి చేసే గ్యాస్ బాయిలర్‌లో, పద్దెనిమిదేళ్లు పనిచేశాక, మంట వేడిని నీటికి అందించే హీట్ ఎక్స్‌ఛేంజర్ పగిలి నీరు కారుతోంది. మరమ్మతు దండగ, మార్చడమే మేలు అని కొటేషన్ ఇచ్చిన ముగ్గురూ అన్నారు కానీ, వారి అంచనాలకు పొంతన లేదు. మొదటి కొటేషన్‌లో "కొత్త బాయిలర్, బిగింపుతో సహా" అన్న ఒక్క పంక్తి, దాని పక్కన ఒక మొత్తం ఉన్నాయి. రెండవది రెండు పేజీలు. పైపుల శుభ్రత, నీటిలోని తుప్పును పట్టే అయస్కాంత ఫిల్టర్, కొత్త పొగగొట్టం, కండెన్సేట్ నీరు (పొగలోని ఆవిరి చల్లబడి ఏర్పడేది) పోయే గొట్టం, గ్యాస్ పైపు మార్పు విడివిడిగా రాసి, మొదటివారికంటే ఒకటిన్నర రెట్లు అడిగారు. మూడవది ఈ రెంటికీ మధ్యన ఉంది. పాతది 30 కిలోవాట్లు కనుక కొత్తదీ అంతే పెడతామన్నారు. ఏది న్యాయమైనదో ఎలా తెలుసుకోవాలి?

లెక్కలమనిషి:
బాయిలర్ దుకాణంలో ఎంతకు దొరుకుతుందో కనుక్కోండి. ఆ ధరను కొటేషన్‌లోంచి తీసేసి, మిగిలినదాన్ని ఇద్దరు మనుషుల రెండు రోజుల కూలితో పోల్చండి. పైపుల శుభ్రత మొత్తాన్ని పెంచడానికి చేర్చినదే. పద్దెనిమిదేళ్లుగా ఆ పైపుల్లో తిరుగుతున్న నీరు, బాయిలర్ మారినంత మాత్రాన ఉన్నట్టుండి మురికైపోదు.

పాతపైపు:
నేను ఇరవై ఏళ్లుగా ఈ పనే చేస్తున్నాను కనుక చెబుతున్నాను. బాయిలర్ నీటితో గదులను వేడి చేసే ఇనుప రేడియేటర్లు లోపల తుప్పు పట్టి, ఆ తుప్పు నల్లటి బురదగా అడుగున చేరుతుంది. పాత బాయిలర్‌లో నీటి దారులు వెడల్పుగా ఉండేవి కనుక ఆ బురదను తట్టుకునేది. కొత్తవాటి హీట్ ఎక్స్‌ఛేంజర్‌లో దారులు సన్నగా ఉంటాయి కనుక త్వరగా మూసుకుపోతాయి. శుభ్రం చేయకుండా బిగిస్తే వారంటీ ఇవ్వబోమని చాలామంది తయారీదారులు తమ షరతుల్లోనే రాస్తారు.

నీలిమంట:
మూడు కొటేషన్లలోనూ బాయిలర్ మోడల్, వారంటీ ఏళ్లు ఒకటేనా? అవి తెలియకుండా మొత్తాలను పోల్చడం కుదరదు.

లెక్కలమనిషి:
పాతపైపు గారూ, మా ఇంట్లోనూ శుభ్రతకు విడిగా డబ్బు తీసుకున్నారు. నేను అక్కడే నిలబడి చూశాను. యంత్రమేదీ తగిలించలేదు, రేడియేటర్లు ఒక్కొక్కటిగా విప్పలేదు. ఒక గొట్టం తోట వైపు పెట్టి నలభై నిమిషాలు నీళ్లు వదిలారు, అంతే. మరుసటి చలికాలానికే రెండు గదుల్లో రేడియేటర్లు పైన కాలుతూ, అడుగున చల్లగా ఉండిపోయాయి. అలాంటి పనికి డబ్బు అడగడం న్యాయమని మీరు ఎలా అంటారు?

పాతపైపు:
పని సరిగా చేయనివారిని నేను సమర్థించడం లేదు. అయితే మీరు చెప్పిన ఆ చల్లటి అడుగుభాగమే బురదకు గుర్తు. శుభ్రత అనవసరమని కాదు, సరిగ్గా జరగలేదనే మీ అనుభవం చెబుతోంది.

ఎండపొద్దు:
మీరిద్దరూ శుభ్రత దగ్గరే ఆగిపోయారు కానీ, నాకు మూడవ కొటేషన్‌లోని 30 కిలోవాట్ల మాటే అనుమానంగా ఉంది. నిమిషానికి పది లీటర్ల నీటిని 35 డిగ్రీలు వేడెక్కించడానికి సుమారు 24 కిలోవాట్లు కావాలి. స్నానపు నీరు కూడా అదే బాయిలర్ నుంచి వస్తున్నట్లయితే ఆ అంకెలో అర్థం ఉంది. నీటికి వేరే ట్యాంకు ఉంటే మాత్రం గదులకు ఎంత వేడి కావాలన్నదే లెక్క, అది చాలా ఇళ్లలో అందులో సగం కూడా ఉండదు. అవసరానికి మించిన బాయిలర్ మాటిమాటికీ వెలిగి ఆరుతూ త్వరగా అరుగుతుంది. పైగా కండెన్సింగ్ బాయిలర్‌కు రేడియేటర్ల నుంచి తిరిగొచ్చే నీరు సుమారు 55 డిగ్రీలకు తక్కువగా ఉంటేనే పొగలోని ఆవిరి నీరై, దాని వేడి మనకు దక్కుతుంది. కాబట్టి ఒక ప్రశ్న: ముగ్గురిలో గదులు కొలిచింది ఎవరు?

చలిగది:
మాది ట్యాంకు ఉన్న ఇల్లే. రెండవ ఆయన ఒక్కరే గంటన్నర ఉండి, గదులు, కిటికీలు, రేడియేటర్లు కొలుచుకుని 15 కిలోవాట్లది చాలన్నారు. మొదటి ఆయన ఫోటో పంపమని, దాన్ని చూసే ధర చెప్పారు.

లెక్కలమనిషి:
అయితే ఆ రెండు పేజీల జాబితాను మిగతా ఇద్దరికీ చూపించి, ఇదే పని ఎంతకు చేస్తారో అడగండి. అదే అసలైన పోలిక.

పాతపైపు:
ఈ మాట చదివాక నాకు కోపం ఆగలేదు. గంటన్నర కొలతలు, రాత్రి కూర్చుని వేసిన లెక్క, రాసిన జాబితా ఉచితంగా ఇచ్చిన మనిషి శ్రమను తీసుకెళ్లి, ఫోటో చూసి ధర చెప్పినవాడి చేతిలో పెట్టమంటున్నారా? నాకు ఇలా ఎన్నిసార్లు జరిగిందో లెక్కలేదు. అందుకే ఇప్పుడు నేనూ ఒకే మొత్తం రాసిస్తున్నాను.

లెక్కలమనిషి:
మీ శ్రమకు రుసుము అడగండి, ఇస్తాను. కానీ దేనికి ఎంతో చెప్పకుండా ఒకే అంకె రాసిస్తే, మా ఇంట్లో జరిగినట్టు రేపు పని ఎగ్గొట్టినా అడగడానికి నా దగ్గర కాగితం ఉండదు. నాకు ధర ఎక్కువన్న బాధ కంటే ఆ బాధే పెద్దది.

పాతపైపు:
ఈ మాట మొదటే అని ఉంటే ఇంత వాదం ఉండేది కాదు. మీకు కావలసింది తక్కువ ధర అనుకున్నాను. కొలతలకు రుసుము తీసుకుని, పని ఇచ్చినప్పుడు బిల్లులో తగ్గించే పద్ధతికి నేను ఒప్పుకుంటాను. కానీ గోడ తెరిచాక గ్యాస్ పైపు సన్నగా ఉందని తేలితే ఆ ఖర్చు నా మీద వేయకూడదు.

నీలిమంట:
ఆ సంగతి కూడా కొటేషన్‌లోనే రాయాలి.

చలిగది:
ఈ చర్చ చదివి మొదటి ఆయనకు ఫోన్ చేసి, కండెన్సేట్ నీరు ఎక్కడికి పోతుందని అడిగాను. పాత బాయిలర్‌కు లేదు కదా, అవసరం లేదన్నారు. కొత్తది కండెన్సింగ్ రకం, ఆ నీటికి కొద్దిగా ఆమ్లగుణం ఉంటుంది, ప్లాస్టిక్ గొట్టం వేసి మురుగు కాలువకు కలపాలని రెండవ ఆయన ముందే రాశారు. నిన్న రేడియేటర్ల మీద చేయి పెట్టి చూస్తే రెండింటికి అడుగు చల్లగా ఉంది. ఒక దానికి కింద ఉన్న బిగింపు కొంచెం వదులు చేసి గిన్నె పట్టగానే సిరా లాంటి నీరు దిగింది. రెండవ ఆయనతో ఈ విషయం చెప్పి, శుభ్రత ఏ యంత్రంతో చేస్తారో, గ్యాస్ పైపు మార్చక్కర్లేకపోతే ఎంత తగ్గిస్తారో అడిగితే రెండూ రాసిచ్చారు. పని ఆయనకే ఇస్తున్నాను.

లెక్కలమనిషి:
బయటికి వచ్చే నీరు తేటపడే వరకు ఆపకూడదని కూడా రాయించుకోండి.