సబ్‌స్టేషన్‌లో ఆపరేటర్ కుర్చీ ఉంటుందా, పోతుందా?

వేదిక నిర్వాహకులు: 33 వేల వోల్టుల కరెంటును 11 వేల వోల్టులకు తగ్గించే 33/11 కేవీ సబ్‌స్టేషన్లను దూరం నుంచి నడిపే స్కాడా విధానానికి ఇప్పుడు కృత్రిమ మేధ తోడవుతోంది. మన నల్లగొండ, పాలమూరు ప్రాంతాల్లో షిఫ్టు ఆపరేటర్ల ఉద్యోగాలు ఏమవుతాయని మీరు భావిస్తున్నారు?

పాలమూరు ఇంజనీరు: భయం అతిగా ఉన్నదని నా అభిప్రాయం. రోజును పదిహేను నిమిషాల చొప్పున 96 భాగాలు చేసి, ఏ భాగంలో ఎంత కరెంటు కావాలో ముందురోజే లెక్కగట్టడం, కరెంటు సరఫరానూ వాడకాన్నీ సరిచూసే లోడ్ డిస్పాచ్ కేంద్రాల్లో ఎప్పటినుంచో ఉన్న పనే. గట్టి వాన పడితే నారాయణపేట నుంచి నాగర్‌కర్నూల్ దాకా బోరు మోటార్లు ఆగిపోయి లోడు, అంటే కరెంటు వాడకం, ఒక్కసారిగా పడిపోతుంది. ఇలాంటి అంచనాల్లో యంత్రం మనకంటె మేలు. గంటగంటకూ మీటర్లు చూసి లాగ్ షీటు నింపే మనిషిని లైన్ల తనిఖీకి, ట్రాన్స్‌ఫార్మర్ల నిర్వహణకు మళ్లిస్తే అందరికీ లాభమే.

దేవరకొండ ఆపరేటర్: ఇంజనీరు గారూ, లాగ్ షీటు సంగతి అలా ఉంచండి. లైన్ క్లియర్ (ఎల్‌సీ), అంటే కరెంటు ఆపాం, లైను మీద పని చేసుకోవచ్చనే అనుమతి, ఎవరిస్తారో చెప్పండి. లైన్‌మన్ స్తంభం ఎక్కే ముందు ఫోన్ చేస్తే, గొంతు గుర్తుపట్టి, ఫీడరు (సబ్‌స్టేషన్ నుంచి ఊళ్లకు వెళ్లే లైను) పేరు రెండుసార్లు చెప్పించుకొని, బ్రేకరు తీసి కరెంటు ఆపి, లైను విడిపోయినట్టు కంటికి కనబడేలా ఐసొలేటర్ విడదీసి, బోర్డు తగిలించి, పుస్తకంలో పేరూ సమయమూ రాసి నంబరు ఇస్తాం. పని ముగిశాక ఆ మనిషే ఆ నంబరు చెప్పి ఎల్‌సీ వాపసు ఇచ్చేదాకా, ఎంతటివారు ఒత్తిడి చేసినా లైను ఛార్జ్ చేయం. ఇది యంత్రం చేస్తుందా?

పాలమూరు ఇంజనీరు: ఇంకా బాగా చేస్తుంది. లైన్‌మన్ తన ఫోనుకు వచ్చిన ఓటీపీ చెబితే తప్ప బ్రేకరు మూసుకోకుండా సాఫ్ట్‌వేర్‌లో తాళం వేయవచ్చు. ఆ తాళం ఏ నాయకుడి ఫోనుకూ లొంగదు.

వనపర్తి విశ్రాంత ఉద్యోగి: 2012 జులై 30, 31 తేదీల్లో ఉత్తరాది గ్రిడ్డు కుప్పకూలినప్పుడు మన దక్షిణాది గ్రిడ్డు దానితో ఇంకా సింక్రనైజ్ కాలేదు, అంటే ఒకే గ్రిడ్డుగా కలిసి నడవడం లేదు. 2013 డిసెంబరు 31న రాయచూరు–షోలాపూర్ 765 కేవీ లైనుతో దేశమంతా ఒకే గ్రిడ్డయింది. 2012లో కూలినప్పుడు రెప్పపాటులో ట్రిప్ చేయడం, అంటే కరెంటు తెంచడం, లోపాన్ని పసిగట్టే రిలేలు ఆనాడే చేశాయి, తిరిగి ఒక్కొక్కటిగా నిలబెట్టినవారు మాత్రం మనుషులే.

దేవరకొండ ఆపరేటర్: పెద్దలు గ్రిడ్డు గురించి చెబుతున్నారు, నేను పదకొండు కేవీ ఫీడరు గురించి అడుగుతున్నాను. బ్రేకరు దూరం నుంచి తీయవచ్చు. చేత్తో విడదీయవలసిన ఐసొలేటర్‌ను ఏ ఓటీపీ విడదీస్తుంది?

మిర్యాలగూడ రైతు: పోయిన ఎండాకాలం మా చేను గట్టున పదకొండు కేవీ తీగ తెగి ఎండిన నేల మీద పడింది, అయినా ఫీడరు ట్రిప్ కాలేదు. గడ్డి చిటపటలాడుతుంటే బర్రెలను తోలుకొని దూరం జరిగి ఫోన్ చేశాను. ఆపరేటర్ వెంటనే ఎత్తి, ఏ ఊరి గట్టో ఒక్క మాట అడిగి లైను ఆపాడు. ఆ ఫోను రేపు ఎవరెత్తుతారు?

పాలమూరు ఇంజనీరు: ఎండిన నేలలో తగినంత కరెంటు పారదు కాబట్టి రిలే దాన్ని మామూలు లోడే అనుకుంటుంది. కరెంటు తరంగంలోని సన్నని వికారాలను బట్టి అలాంటి లోపాలను పసిగట్టడం మీదే ఇప్పుడు పరిశోధనలు సాగుతున్నాయి. మీరు చెప్పిన ఉదాహరణే నా వాదనకు బలం.

అచ్చంపేట ఐటీఐ విద్యార్థి: ఎలక్ట్రీషియన్ ట్రేడు చదువుతున్నాను. మాకు ఆపరేటర్ పోస్టులు పడతాయా, పడవా? దయచేసి అది చెప్పండి.

పాలమూరు ఇంజనీరు: ఆపరేటర్ గారు ఒక్క ఎల్‌సీని పట్టుకొని చర్చను ముందుకు సాగనివ్వడం లేదు.

దేవరకొండ ఆపరేటర్: పట్టుకోక ఏం చేయమంటారు? నేను ఎల్‌సీ ఇచ్చిన లైను మీద ఒక హెల్పరు ప్రాణం పోయింది. జనరేటర్ కరెంటు బయటి లైనులోకి పోకుండా ఆపే ఛేంజోవర్ స్విచ్ లేని ఒక ఫంక్షన్ హాలు జనరేటర్ నుంచి కరెంటు ట్రాన్స్‌ఫార్మర్ గుండా వెనక్కి ఎక్కింది. నా బ్రేకరు తీసే ఉంది, పుస్తకంలో రాసే ఉంది. అయినా మెమో నాకే వచ్చింది, ఇంక్రిమెంటు నాకే ఆగింది. ఆ పిల్లవాడి తల్లి ముందుకు వెళ్లి నిలబడింది కూడా నేనే. రేపు బ్రేకరు యంత్రం తీస్తుంది, మెమో మాత్రం మళ్లీ మాకే వస్తుంది. దీనికి జవాబు చెప్పకుండా లాభాలు చెప్పకండి.

పాలమూరు ఇంజనీరు: మీకు జరిగింది అన్యాయం. నా బాధ కూడా వినండి. రిటైరైనవారి స్థానంలో ఎవరూ రాక, ఉన్న మనిషే వరుసగా రెండు షిఫ్టులు చేస్తున్న సబ్‌స్టేషన్లను నేను చూస్తున్నాను. తెల్లవారుజామున నిద్ర ఆపుకోలేని మనిషి చేతిలో లైన్‌మన్ ప్రాణం పెట్టలేకనే యంత్రం కావాలంటున్నాను.

దేవరకొండ ఆపరేటర్: ఇంతసేపూ ఈ మాట ఎందుకు దాచారు సార్? ఖాళీలు నింపమని అడగవలసిన చోట మీరు యంత్రాన్ని అడుగుతున్నారు. మీరన్నట్టు వేరే పనికి మళ్లిస్తారే తప్ప ఎవరినీ తీసేయరు, నిజమే. నేను దిగిపోయిన రోజున నా పోస్టు కాగితం మీది నుంచి పోతుంది. 2017లో కాంట్రాక్టు కార్మికులను విద్యుత్ సంస్థల్లోకి ఆర్టిజన్లుగా తీసుకున్నారంటే, తీసుకోవడానికి అక్కడ పని ఉంది కాబట్టి. పనే లేదంటే, పైన అడిగిన ఆ అచ్చంపేట తమ్ముడికి ఏ దారి మిగులుతుంది?

పాలమూరు ఇంజనీరు: తమ్ముడికి దాచకుండా చెప్పాలంటే, లాగ్ షీటు రాసే ఉద్యోగాలు తగ్గుతాయి. రిలే సెట్టింగులు, కమ్యూనికేషన్ పరికరాలు నేర్చుకున్నవారికి పని ఉంటుంది. ఎల్‌సీ మీద మనిషి సంతకమే ఉండాలని నేనూ ఒప్పుకుంటాను. ఆ మనిషి ప్రతి సబ్‌స్టేషన్‌లోనూ ఉండాలంటే మాత్రం ఒప్పుకోను. డివిజన్ కేంద్రంలో శిక్షణ పొందిన బృందం ఇరవై నాలుగు గంటలూ ఉంటే చాలు.

దేవరకొండ ఆపరేటర్: చాలదు. అర్ధరాత్రి గాలివానలో దేవరకొండ నుంచి డిండికో చందంపేటకో ఆ బృందం చేరేదాకా లైన్‌మన్ స్తంభం కింద నిలబడి ఉంటాడా, ఊరివాళ్లు అతన్ని నిలబడనిస్తారా? ఎక్కేస్తాడు. సబ్‌స్టేషన్‌లో మనిషి ఉండాలని నేను అడిగేది అందుకే.